పేరు కంటే ముందు అడగవలసింది

మొన్న తిరుపతి బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉండగా ఎవరో మైకును వేలితో తట్టారు. సన్నగా ఒక కూత వచ్చి ఆగిపోయింది. ఆ వెనకే ఒక ఆడగొంతు వినిపించింది. పచ్చ గౌను వేసుకున్న చిన్నపాప విచారణ కౌంటరు దగ్గర ఉందట. పేరు అడిగితే చెప్పడం లేదట, తమ్ముడి చేతిలో గుర్రం బొమ్మ బెలూను ఉందని మాత్రం చెబుతోందట. కాసేపటికే ఒకాయన చంకలో పిల్లవాణ్ణి ఎత్తుకుని ప్లాట్‌ఫారాల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చాడు. పిల్లవాడి చేతిలో బెలూను ఊగుతోంది. చుట్టుపక్కలవాళ్ళు ఒకసారి చూసి మళ్ళీ తమ సంచుల మీద పడ్డారు. నేను మాత్రం ఆ కౌంటరు వైపే చూస్తూ నిలబడ్డాను. పాప పేరు చెప్పలేదని వదిలేయకుండా, ఆ పాప చెప్పిన బెలూను మాటను అలాగే మైకులో చెప్పాలని ఆ కౌంటరులోని అమ్మాయికి ఎవరు నేర్పారో తెలియదు. నసీమా మేడమ్ బతికి ఉంటే ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి పలకరించకుండా బస్సు ఎక్కేవారు కాదు.

నసీమా మేడమ్ నాకు ఎంసీఏలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనాలిసిస్ చెప్పారు. ఒక కార్యాలయానికో అంగడికో కంప్యూటరు ప్రోగ్రాము రాయడానికి ముందు, అక్కడి మనుషులు పని ఎలా చేస్తున్నారో, వాళ్ళకు నిజంగా ఏది అవసరమో తెలుసుకోవడం ఎలాగన్నది ఆ పేపరు. చాలామంది దాన్ని మార్కుల కోసం బట్టీపట్టే పేపరుగానే చూసేవాళ్ళు. మా కాలేజీ తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో ఉండేది. మేడమ్ రోజూ చిత్తూరు నుంచి బస్సులో వచ్చేవారు. నేత చీర, భుజాల చుట్టూ కప్పుకున్న కొంగు, గొడుగూ క్యారియరూ పట్టే పెద్ద సంచి. ఆమె తండ్రి చిత్తూరులో దర్జీ. పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలు షకీలాతో కలిసి ఉండేవారు. పాఠం మొదలుపెట్టినప్పుడు పుస్తకంలోని ఇంగ్లీషే మాట్లాడేవారు. మాకు నిజంగా ఎక్కాల్సిన విషయం వచ్చేసరికి చాక్‌పీసు పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, చిత్తూరు తెలుగులోకి దిగేవారు. ఆమె చేతులు దులుపుకుంటున్నారంటే మేమూ పెన్నులు కింద పెట్టి వినేవాళ్ళం.

రెండో సంవత్సరంలో గ్రూపు ప్రాజెక్టు వచ్చింది. అప్పట్లో బస్టాండు చుట్టుపక్కల వీధుల్లో ప్రాజెక్టులు తయారుచేసి అమ్మే అంగళ్ళు ఉండేవి. లైబ్రరీ మేనేజ్‌మెంటు, హాస్టల్ మేనేజ్‌మెంటు, ఏది కావాలంటే అది బైండు చేసి, పైన మన పేర్లు అచ్చువేసి ఇచ్చేవాళ్ళు. మా సీనియర్లంతా అక్కడినుంచే తెచ్చుకున్నారు. మేమూ అదే అనుకుంటూ ఉండగా మేడమ్ క్లాసుకు వచ్చి ప్రాజెక్టుకు తాను పెట్టే షరతులు చెప్పారు. గ్రూపులు తానే వేస్తానన్నారు, స్నేహితులంతా ఒకచోట చేరడానికి వీల్లేదన్నారు. సమాచారం సరిగా అందక ఎవరో ఒకరు ఇబ్బంది పడుతున్న చోటు మేమే వెతుక్కోవాలన్నారు. చివర్లో ఆ చోటి మనుషులే కాలేజీకి వచ్చి మా పని చూడాలనీ, వాళ్ళు ఏం చెబుతారో విన్న తర్వాతే మార్కులు వేస్తాననీ చెప్పారు. క్లాసులో గొణుగుడు మొదలైంది. అది తగ్గేదాకా ఆగి చేతులు దులుపుకున్నారు.

“నేను చెప్పేదాకా కంప్యూటర్ని ముట్టుకోవద్దండి. ముందు పోయి మనుషుల్తో మాట్లాడండి. మీకేం కావాల అని మాత్రం అడగొద్దండి. అట్ల అడిగితే మీకు నచ్చేదే చెప్పి పంపిస్తారు. నిన్న ఏం జరిగిందో చెప్పమనండి.”

శ్రీకాళహస్తి నుంచి వచ్చే మునిశేఖర్ లేచి, నిన్న ఏమీ జరగలేదని వాళ్ళంటే ఏం చేయాలని అడిగాడు. మొన్న ఏం జరిగిందో అడగప్పా అన్నారు మేడమ్. క్లాసంతా నవ్వింది, ఆమె నవ్వలేదు.

నన్నూ మునిశేఖర్‌నీ ఒక గ్రూపులో వేశారు. నాది సత్యవేడు దగ్గర పల్లె, మా ఇంట్లో తెలుగూ అరవమూ కలిసిపోయి ఉంటాయి. అతనిది గుడి ఊరు, నోరు ఊరుకోని మనిషి. మాతో పాటు లావణ్య అని తిరుపతి అమ్మాయి ఉండేది, ఆమెకు ప్రోగ్రాములు రాయడం బాగా వచ్చు. చోటు వెతకడానికి మాకు ఎక్కువ శ్రమ పడనవసరం లేకపోయింది. రద్దీ రోజుల్లో శ్రీకాళహస్తిలో కొందరు పెద్దలు తమంతట తాము ఒక పందిరి వేసి, జనంలో తప్పిపోయినవాళ్ళను కూర్చోబెట్టి, మైకులో పిలిచి వాళ్ళవాళ్ళకు అప్పగించేవాళ్ళు. మునిశేఖర్ చిన్నాయన గురవయ్య దానికి పెద్ద. మేము వెళ్ళి ఆయనతో మాట్లాడి, రెండు రోజుల్లో పని అయిపోయిందని సంబరపడ్డాం. తప్పిపోయిన మనిషి పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఊరు, ఫోను నంబరు. ఇవి కంప్యూటరులో ఎక్కిస్తే వెతికేవాళ్ళకు వెంటనే దొరుకుతాయి. కాగితం మీద చక్కగా గీతలు గీసి మేడమ్ ముందు పెట్టాం. ఆమె కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు.

“పేరూ ఊరూ ఫోన్ నంబరూ సక్కగా చెప్పేవాళ్ళు తప్పిపోయినట్టు యాడమ్మా? ఇది తప్పిపోకుండా ఉండేవాళ్ళకు చేసుండారు మీరు.”

ఆ తర్వాత వచ్చిన కార్తీక సోమవారం ఆమె కూడా మాతో శ్రీకాళహస్తికి వచ్చారు. పందిరి నిండా జనం. ఒక మూల బెంచీ మీద ముసలమ్మ ఒకామె చేతిసంచిని ఒళ్ళో అదిమిపట్టుకుని కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ అక్కడే ఉందట. పందిరివాళ్ళు పేరేమిటని అడిగితే తల అడ్డంగా ఊపుతోంది. ఊరేదంటే మా ఊరేనంటోంది. మొగుడి పేరు చెప్పమంటే ముఖం తిప్పుకుంటోంది. అడిగేవాళ్ళు మర్యాదస్తులే. కానీ మైకు హోరులో గట్టిగా అడగక తప్పడం లేదు. వాళ్ళు గొంతు పెంచేకొద్దీ ఆమె ముడుచుకుపోతోంది. ఆమె గొణిగిన రెండు ముక్కల్లో మా వైపు యాస వినిపించి మేడమ్‌కు చెప్పాను. ఆమె నన్ను ముందుకు తోశారు. పక్కన కూర్చోమన్నారు, పేరు అడగవద్దన్నారు, పొద్దున ఏం తిన్నదో అడగమన్నారు.

నేను వెళ్ళి కూర్చుని, మా అమ్మమ్మతో మాట్లాడే మాటల్లోనే అడిగాను. ముసలమ్మ నన్ను తేరిపార చూసింది. పొంగలి తిన్నానంది. ఎక్కడ తిన్నావంటే వ్యానులోనే అంది. వ్యానులో ఎవరెవరు వచ్చారంటే వీధి వీధంతా వచ్చిందంది. నీ పక్కన ఎవరు కూర్చున్నారంటే, ఒక పిల్ల దారంతా వాంతులు చేసుకుందనీ, వ్యాను దిగాక ఆ పిల్ల నోరు కడిగించడానికి తానే నీళ్ళ కోసం వెళ్ళాననీ, తిరిగొచ్చేసరికి ఎవరూ లేరనీ చెప్పింది. నీళ్ళ కోసం వెళ్ళిన దారిలో ఏం చూశావు అవ్వా అన్నాను. కుండలు అంది. ఎన్నో కుండలు, ఎర్రగా, వరసగా పెట్టినవి. వెనక నిలబడి వింటున్న మునిశేఖర్ ఆ మాట వినగానే పందిరి దాటి పరుగెత్తాడు. ఏటి అవతల కుమ్మరులు కుండలు పరిచి అమ్మే చోటు అతనికి తెలుసు. ఆ పక్కనే వ్యాను ఆగి ఉంది. అందులోని వాళ్ళు గుడి చుట్టూ వెతికి వెతికి అలిసి, పోలీసుల దగ్గరికి వెళ్ళాలా వద్దా అని వాదించుకుంటున్నారట. కోడలు వచ్చింది. వస్తూనే అత్తను తిట్టింది, తిడుతూనే ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ వదల్లేదు. ముసలమ్మ పోతూ పోతూ నా చెంప నిమిరింది. ఆమె పేరేమిటో మాకు చివరిదాకా తెలియలేదు.

తిరుగుప్రయాణంలో మేడమ్ నా పక్కన కూర్చున్నారు. కిటికీలోంచి ఎండ ఆమె ఒళ్ళో పడుతోంది. నేనింకా ముసలమ్మ గురించే ఆనందంగా మాట్లాడుతున్నాను. ఆమె వింటూ వింటూ, మా నాయన్ని ఇట్ల అడిగినోళ్ళు లేకపోయినారు హేమా అన్నారు. ఏమిటో అర్థంకాక ఆగిపోయాను. అప్పుడు చెప్పారు. పెద్దవాడయ్యాక ఆయనకు మతిమరుపు వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లోంచి నడిచి వెళ్ళి ఏదో బస్సు ఎక్కేశారు. ఇంటిల్లిపాదీ చిత్తూరంతా వెతికారు, మామిడికాయల మండీల్లో, మసీదుల్లో, బస్టాండులో. ఆయన సరిహద్దు అవతల, తమిళనాడులోని ఒక ఊరి ఆసుపత్రిలో ఉన్నారు. దారిలో పడిపోతే ఎవరో పుణ్యాత్ములు చేర్పించారు. అక్కడివాళ్ళు బాగానే చూసుకున్నారు. కానీ ఆయన పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. ఒక్క మాట మాత్రం అందరినీ అడుగుతూ పోయారు. ఇంటివాళ్ళు ఆచూకీ తెలుసుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆ మాట సంగతి నర్సు ఒకామె చెప్పింది.

“నా మిషన్ యాడ, నా మిషన్ యాడ అంటా ఉండినాడంట. ఆసుపత్రి మిషన్‌కు భయపడతా ఉండాడు అనుకునినారు వాళ్ళు. ఏం మిషన్ తాతా అని ఒక్కరు అడిగింటే, కుట్టు మిషనని చెప్పేవాడు. చిత్తూరు దర్జీల్లో ఎవరి చెవిన పడినా మా నాయన ఇంటికొచ్చేసేవాడు.”

ఆ ప్రాజెక్టుకు అన్ని షరతులు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. ఆ సంగతి క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. మునిశేఖర్‌కూ లావణ్యకూ కూడా ఆమె చెప్పినట్టు లేదు.

మా కాగితం మొత్తం మారిపోయింది. పేరూ ఊరూ చివరికి వెళ్ళాయి. మనిషి ఏం చెబుతున్నారో ఆ మాటల్లోనే, ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రాసుకునే చోటు పైకి వచ్చింది. ఆఖరిసారి ఎవరితో ఉన్నారు, ఏం తిన్నారు, ఏం చూశారు అన్నవి ఆ తర్వాత. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళను కూడా అవే అడగాలి, రెండువైపుల మాటలూ ఎక్కడ కలుస్తాయో యంత్రం చూపించాలి. అప్పుడు మేడమ్ లావణ్య వైపు తిరిగి ఇక కంప్యూటరు ముట్టుకోవచ్చన్నారు. శివరాత్రికి పందిట్లో అరువు తెచ్చిన ల్యాప్‌టాపు పెట్టుకుని కూర్చున్నాం. అది కొన్నిసార్లు మొరాయించింది, కరెంటు పోయింది, అయినా పని చేసింది. గురవయ్య కాలేజీకి వచ్చి, బయటినుంచి వచ్చిన పరీక్షకుడి ముందు నిలబడి, గొంతు బొంగురుపోయేలా అరవనవసరం లేకుండా గడిచిన మొదటి శివరాత్రి ఇదేనని చెప్పారు. మేడమ్ వెనక బెంచీలో కూర్చుని తల దించుకుని విన్నారు. ఆమెను అంత సంతోషంగా నేను మళ్ళీ చూడలేదు.

ఆమె ఆశ అక్కడితో ఆగలేదు. పందిరీ, మా వైపు ఆసుపత్రులూ, సరిహద్దు అవతలి ఆసుపత్రులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేయాలన్నది ఆమె కోరిక. మా చదువు అయిపోయింది. మునిశేఖర్ బెంగళూరులో చేరాడు, లావణ్య హైదరాబాదు వెళ్ళింది. ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసే ఒక చిన్న సంస్థలో నాకు తిరుపతిలోనే పని దొరికింది. అందువల్ల సెలవు రోజుల్లో మేడమ్ వెంట తిరగడం నా వంతయింది. చాలా ఆసుపత్రుల మెట్లు ఎక్కాం. ఎక్కడా మమ్మల్ని అవమానించలేదు, కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కానీ రోగుల వివరాలు బయటికి ఇవ్వడానికి కుదరదని అన్నిచోట్లా ఒకే జవాబు. నేను వాదించబోతే ఆమె వారించారు. మెట్లు దిగుతూ, వాళ్ళు చెప్పేదీ నిజమే, ఒకరి రోగం సంగతి ఇంకొకరికి ఎట్ల చెప్తారు అన్నారు. ఆ మాట అన్న తర్వాత కింది మెట్టు మీద కాసేపు కూర్చుండిపోయారు.

కాలేజీలో కూడా పరిస్థితి మారింది. ఊళ్ళమీద తిరిగితే పిల్లల హాజరు పోతోందని, ప్రాజెక్టు పేర్లు ముందే నిర్ణయించి ఇవ్వడం మొదలుపెట్టారు. మేడమ్‌కు వేరే పేపర్లు అప్పగించారు. గురవయ్య పోయాక పందిరి వేసేవాళ్ళు లేకపోయారు. మేము రాసిన ప్రోగ్రాము ఏ ల్యాప్‌టాపుతో పాటు పాడైపోయిందో మాకెవరికీ తెలియదు. ఇందులో తప్పు పట్టడానికి నాకు ఎవరూ దొరకరు, అందుకే ఈ బాధ ఇప్పటికీ ఒక కొలిక్కి రాదు. మేడమ్ ఎవరినీ ఏమీ అనలేదు. ఫోను చేస్తే నా పని గురించే అడిగేవారు. తన సంగతి అడిగితే బాగుండాను అనేవారు, అంతే.

నా పనిలో నేను ఒక చిన్న ప్రయత్నం చేస్తూ వచ్చాను. మా సంస్థ ఆసుపత్రులకు రాసే ప్రోగ్రాములో, ఎవరో తెలియని రోగి వస్తే పేరు దగ్గర ‘తెలియదు’ అని పెట్టి ముందుకు వెళ్ళడమే పద్ధతి. అక్కడ ఇంకో పుట ఉండాలని, రోగి ఏ మాటలు పలుకుతున్నారో ఉన్నదున్నట్టు రాసుకునే వీలుండాలని ప్రతి సమావేశంలోనూ అడిగేదాన్ని. దానివల్ల ప్రయోజనమేమిటని అడిగితే ఒక దర్జీ గురించి చెప్పేదాన్ని. చాలాసార్లు తల ఊపి తర్వాత చూద్దామన్నారు. చివరికి ఒక ఆసుపత్రివాళ్ళు సరేనన్నారు. పని పూర్తయిన రోజే మేడమ్‌కు ఫోను చేశాను. షకీలా ఎత్తింది. అక్కకు పక్షవాతం వచ్చిందనీ, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నామనీ, అప్పటినుంచీ నోట ఒక్క మాట రాలేదనీ చెప్పింది.

మర్నాడే చిత్తూరు వెళ్ళాను. ఇంట్లో ముందు గదిలో మంచం వేశారు. మేడమ్ కుడిచెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది. కళ్ళు మాత్రం నన్ను గుర్తుపట్టాయి. నేను వచ్చాను కదా అని షకీలా మందుల అంగడికి వెళ్ళింది. మంచం పక్కన కుర్చీ వేసుకుని ఆ కొత్త పుట గురించి చెప్పాను. ఎలా ఒప్పించానో, అందులో ఏముందో, ఏ ఆసుపత్రిలో మొదలైందో అన్నీ చెప్పాను. ఆమె రెప్ప వేయకుండా విన్నారు. చెప్పడం ముగించి, నీళ్ళు తాగించనా అని అడిగాను. అప్పుడు ఆమె పెదవులు కదిలాయి. మాట్లాడారు. తెలుగు కాదు, ఉర్దూ. ఇన్నేళ్ళలో నా ముందు ఎప్పుడూ ఆ భాష మాట్లాడలేదు. మాట ముద్దగా వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ అందుకుంటోంది. నాకు ఉర్దూలో బజారులో వినిపించే నాలుగు ముక్కలు తప్ప ఏమీ రాదు. వింటూ ఉండగా ఒక మాట తెలిసినట్టు వినిపించింది. అబ్బా అన్నారు. కాసేపాగి మళ్ళీ, అబ్బా. నొప్పి పెడుతోందేమోనని కంగారుపడి లేచాను. ఎక్కడ నొప్పి మేడమ్ అని అడిగాను, దిండు సర్దాను, కాళ్ళు ఒత్తాను. ఆమె ఇంకా చెబుతూనే ఉన్నారు. పక్కింటివాళ్ళను పిలుచుకురావడానికి బయటికి పరుగెత్తాను. వాళ్ళతో తిరిగి వచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుని ఉన్నారు, ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది.

షకీలా వచ్చాక, మేడమ్ మాట్లాడారని, నొప్పితో అబ్బా అబ్బా అన్నారని చెప్పాను. ఆమె చేతిలో మందుల పొట్లంతో అలాగే స్టూలు మీద కూర్చుండిపోయింది.

“అది నొప్పి కాదు మా. మేము ఇంట్లో నాయన్ని అట్లనే పిలిసేది.”

నసీమా మేడమ్ నాతో ఎప్పుడూ మా నాయన అనే అన్నారు, మా ఇళ్ళలో అందరం అన్నట్టే. ఇంట్లో ఆయన్ని ఇంకో పేరుతో పిలుస్తారని నాకు తోచనే లేదు. షకీలా నా చెయ్యి పట్టుకుని, నాయన గురించి ఇంకేం చెప్పింది, గుర్తుచేసుకో అంది. ఎంత ప్రయత్నించినా ఇంకో మాట చిక్కలేదు. ఆ రోజంతా ఇద్దరం ఆమె మంచం పక్కనే కూర్చున్నాం. మేడమ్ మళ్ళీ మాట్లాడలేదు. ఎక్కువ రోజులు ఉండలేదు కూడా.

ఇప్పటికీ చిత్తూరు వెళ్ళినప్పుడల్లా షకీలాను చూసి వస్తాను. టీ ఇచ్చి ఎదురుగా కూర్చుని ఆ మధ్యాహ్నం గురించి అడుగుతుంది. అక్క గొంతు ఎట్లుండె, ఏడుస్తా చెప్పిందా, నవ్వుతా చెప్పిందా అని. ప్రతిసారీ కొత్తగా అడుగుతున్నట్టే అడుగుతుంది, నేనూ మొదటిసారి చెబుతున్నట్టే చెబుతాను. ఏడవలేదు అంటాను. గొంతు మెత్తగా ఉండింది, ఇంట్లోవాళ్ళతో తీరిగ్గా మాట్లాడుతున్నట్టు ఉండింది అంటాను. అది నిజం. ఆ గొంతు ఎక్కడ ఆగిందో, ఎక్కడ మళ్ళీ అందుకుందో అంతా నాకు గుర్తుంది. ఏం చెప్పిందో తెలియదు.